రాతిస్తంభం చుట్టూ రెండు చేతులు

మిట్టమధ్యాహ్నం!

సూర్యుడు నడినెత్తిన నిలిచి, మనిషి నీడ మనిషి కాళ్ళ కిందే నక్కి దాక్కునే ఘోర ముహూర్తం... మా మిట్లా ఊళ్ళో చనిపోయినవాళ్ళు ఇళ్ళకు తిరిగొచ్చే వేళ అదే. అర్ధరాత్రికి భయపడే ఊళ్ళు వేరే ఉంటాయి. మాకు మాత్రం మృతుల పండుగనాటి పట్టపగలే గుండె దడ!

చర్చి గంట మోగింది. వీధివీధినా తారాజువ్వలు లేచాయి. ఆ చప్పుళ్ళ నడుమ... ఫెళఫెళమంటూ ఒక ఉరుము! మబ్బుతునక లేని నిర్మలాకాశంలో ఉరుము! వెనువెంటనే పాత రాజమందిరాల శిథిలాల వైపు నుంచి గుడ్లగూబ కూసింది... పట్టపగలు!

సాంబ్రాణి ధూపం చేతపట్టుకుని నేను వాకిట్లో నిలబడి ఉన్నాను. నా కొడుకు సెవెరో ఆ ఏటి వానల్లోనే కొండదారిలో లారీ బోల్తాపడి పోయాడు. చనిపోయాక వాడు ఇంటికి రావడం అదే మొదటిసారి. వాడి కోసం నల్ల మోలే కూర వండాను. తాగడానికి వేడి చాక్లెట్ నురగలొచ్చేదాకా చిలికాను. శ్మశానం నుంచి మా గడప దాకా బంతిపూల రేకులతో దారి పోశాను. ఆ దారి పట్టుకునే కదా వాళ్ళు ఇల్లు ఆనవాలు పట్టేది!

గడప వైపు చూద్దును కదా... రేకు లేదు! ఒక్క రేకు లేదు!

పక్కింటి డొమితిలా గోడ మీంచి తల పెట్టింది.

"నికోలాసా వదినా! మీ కోడలికి ఏమైంది? పూలన్నీ ఊడ్చి ఒడిలో పోసుకుని, శిథిలాల దాకా చల్లుకుంటూ పోయింది. ఆ అబుందియో గాడు ముందు నడుస్తున్నాడు."

"నువ్వు పిలవలేదా?"

"గొంతు పోయేలా పిలిచాను. వినిపిస్తేనా! నా మిరపకాయలు అరువిస్తానంటే మాత్రం గుసగుసగా పిలిచినా పలుకుతుంది."

అబుందియో! ఎముకలతో మాట్లాడే మాంత్రికుడు వాడు. శిథిలాల కింద ఒక పాతాళ సమాధి ఉంది. దాని మధ్యలో ఏకశిలా స్తంభం. దాన్ని కౌగిలించుకుంటే రెండు చేతుల వేళ్ళ మధ్య మిగిలిన ఎడమే మనిషికి మిగిలిన ఆయుష్షని పెద్దల మాట. చిన్నప్పుడు మేమంతా కొలుచుకుని, "నీకు పెళ్ళయ్యేదాకా కూడా లేదే!" అని ఎగతాళి చేసుకుని నవ్వుకునేవాళ్ళం. వాడు మాత్రం నవ్వేవాడు కాడు. ఏటేటా కొలుచుకునేవాడు. ఏటేటా ఆ ఎడం కుంచించుకుపోతూ... ఆ ఏడు చిటికెనవేలు పట్టేంత మిగిలింది!

ఇంట్లో మృతుల కోసం అలంకరించిన పీఠం మీద నుంచి ఒక తీపి రొట్టె తీసి శాలువాలో చుట్టుకుని, ధూపంతో సహా పరుగెత్తాను. శిథిలాల కాపలావాడు తన ఇంటి మృతులతో భోజనానికి వెళ్ళాడు. చూడవచ్చేవాళ్ళు లేరు. నిర్మానుష్యం! గోడల నిండా పూర్వులు చెక్కిన రాతిముగ్గులు ఎండకు కళ్ళు విప్పి నన్నే చూస్తున్నట్టున్నాయి. ఊరంతా ఇళ్ళలో చుట్టాలతో కళకళలాడుతుంటే, ఆ రాళ్ళ మధ్య నా ఊపిరి చప్పుడొక్కటే... నా కోడలు చల్లిన బంతిరేకులు మెట్ల మీదుగా భూగర్భంలోకి దిగిపోయాయి. వాటి వెంట నేనూ పాక్కుంటూ దిగాను.

లోపల... దేవుడా! కారుచీకటి! నల్లమైనపు వత్తుల వెలుగులో ఒక కపాలం! తరతరాల మట్టి పట్టిన కపాలం! దాని ముందు నా కోడలు ఎపిఫానియా... జుట్టు విరబోసుకుని, కళ్ళు తెల్లగా తేలేసి, మొదలు నరికిన చెట్టులా ఊగిపోతోంది! 

ఆమె నోరు తెరుచుకుంది. మగగొంతు వచ్చింది.

"అమ్మా... వచ్చావా... అమ్మా..."

నా కొడుకు గొంతే! ఒక్క అడుగు ముందుకు వేశాను కూడా. అంతలో ఏదో అనుమానం అడ్డుపడింది.

"నాయనా సెవెరో! మోలే వండానురా. ఎలా ఉందో చెప్పు."

"ఆకలి... పెట్టు... ఆకలి..."

నా కాళ్ళు ఆగిపోయాయి. ఉప్పు తక్కువైందని వంక పెట్టకుండా నా కూర అడిగినవాడు నా కొడుకు కానే కాడు!

చీకట్లోంచి అబుందియో వికటాట్టహాసం చేశాడు.

"కనిపెట్టావే ముసలిదానా! వీడు నీ కొడుకు కాదు. ఈ రాళ్ళు చెక్కిన కాలం నాటివాడు, పేరు లేనివాడు. మొగుణ్ణి చూపిస్తానంటే నీ కోడలు పూలు తెచ్చింది. ఈమె ఒళ్ళు వీడికి, ఈమె ఆయుష్షు నాకు! ఈ వత్తులు కొండెక్కేసరికి నా వేళ్ళ మధ్య ఎడం మూరెడవుతుంది!"

వత్తులు అప్పటికే అడుగంటాయి. ఎపిఫానియా పెదవులు నీలమయ్యాయి. కొడుకు పోయాక నాకు ఈ భూమ్మీద మిగిలింది ఆ పిల్ల ఒక్కతే... మంత్రాలు నాకు రావు. నాకు వచ్చింది పెట్టడం ఒక్కటే. రొట్టె తీసి కపాలం ముందు పెట్టాను. ధూపం వేశాను.

"నాయనా, ఎవరి కన్నబిడ్డవో! నిన్ను పేరుపెట్టి పిలిచేవాళ్ళు పోయి ఎన్ని తరాలైందో! దిక్కులేని ఆత్మ కోసమని ఏటా నా గడప బయట ఒక రొట్టె పెడతాను. నీకు దారి వేసినవాళ్ళు లేక రాలేకపోయావేమో. ఇదిగో, నీ దగ్గరికే తెచ్చాను. తిను. కానీ ఆ పిల్ల ఒళ్ళు నీ ఇల్లు కాదు నాయనా."

అంతే... ఒక ఏడుపు! మనిషి ఏడుపు కాదది! ఎన్నో వందల ఏళ్ళ ఒంటరితనం ఒక్కసారిగా గోడలు చీల్చుకుని ఏడ్చినట్టు... ఆ రొట్టె వాసన క్షణంలో మాయమైంది.

"తిన్నానమ్మా... పోతాను... నన్ను సాగనంపేదెవరు?"

మా ఊళ్ళో పసివాడికైనా తెలుసు. మృతుణ్ణి పిలిచినవాడే మర్నాడు సమాధి దాకా వెంట నడిచి సాగనంపాలి. పిలవడమే తెలిసిన అబుందియో ఆ మాట మరిచాడు!

"పిలిచినవాడే నాయనా," అన్నాను.

"నేను కాదు! పూలు పోసింది అది!" మాంత్రికుడు కీచుమన్నాడు.

"అది పిలిచింది సెవెరోను. ఇతణ్ణి పిలిచింది నువ్వు. నడువు!"

భూమి గర్జించింది! వెయ్యి ఉరుములు పాతాళంలో పుట్టాయి! కపాలం కళ్ళగుంటల్లోంచి ధూళి సుడులు తిరుగుతూ లేచి వాడి కాళ్ళను చుట్టింది. వాడు కెవ్వున అరిచి స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకున్నాడు. ధూళి లాగింది... వాడు బిగించాడు... బిగించినకొద్దీ వేళ్ళు దగ్గరవుతున్నాయి! చిటికెనవేలు పట్టే ఎడం... గింజ పట్టే ఎడం... వెంట్రుక పట్టే ఎడం...

"వద్దు! వద్దు!"

వేలికొసకు వేలికొస తగిలింది!

వత్తులన్నీ ఒక్కసారి ఆరిపోయాయి.

తడుముకుంటే కపాలం లేదు. అబుందియో లేడు. స్తంభం చల్లగా, మౌనంగా నిలబడి ఉంది. చీకట్లో తడిమి ఒళ్ళోకి లాక్కున్న ఎపిఫానియా కదిలింది.

"అత్తయ్యా... ఆయన వచ్చాడా?"

"దారి మళ్ళించేశావు కదే పిచ్చిమొహమా! ఎలా వస్తాడు? లే, పూలు ఏరు."

ఇద్దరం మోకాళ్ళ మీద పాకుతూ నలిగిన రేకులన్నీ ఏరి, మళ్ళీ మా గడప దాకా దారి పోశాం. మర్నాడు మధ్యాహ్నం మృతులను సాగనంపి వచ్చాక ఎపిఫానియా ఒక్క ముద్ద మోలే నోట్లో పెట్టుకుని నా వైపు చూసింది.

"చప్పగా ఉంది అత్తయ్యా. ఉప్పు వెయ్యలేదా?"

"వేశానే. తిని వెళ్ళాడు."

మృతులు తిన్న కూరకు రుచి ఉండదు. ఆ చప్పిడి కూరనే ఇద్దరం ఏడుస్తూ, నవ్వుతూ తిన్నాం.

ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు ఎపిఫానియా కూడా బంతిరేకుల దారినే వచ్చిపోయే మనిషి అయింది. ఇంట్లో నేనొక్కదాన్నే. ఏటా గడప బయట రెండు రొట్టెలు పెడతాను. ఒకటి ఆ పేరులేనివాడికి. మర్నాడు కొరికితే చప్పగా, మట్టిలా ఉంటుంది. వచ్చాడని సంతోషిస్తాను.

రెండోది అబుందియోకు. ఎంత చెడ్డవాడైనా వాడికి దారి పోసేవాళ్ళు ఎవరున్నారు? పేరుపెట్టి పిలుస్తాను కూడా. మర్నాడు అదీ కొరికి చూస్తాను.

తియ్యగానే ఉంటుంది... ఈ ఏడు కూడా తియ్యగానే ఉంది.