వేడి తగలని కోత

"మన మనిషిని హౌరాలో చంపేశారు ఫణీంద్రా. అతని దగ్గరున్న చిప్ పోయింది," అన్నారు చీఫ్ రామచంద్రమూర్తి. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం బెంచీ మీద పక్కనే కూర్చుని, ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నట్టు నటిస్తున్నారాయన.

ఏజెంట్ ఫణీంద్ర కాళ్ళు చాపుకున్నాడు. బ్రీఫింగ్ వింటూ ఉత్సాహపడే వయసు దాటిపోయింది. ఇప్పుడు మోకాళ్ళ నొప్పే ముందు గుర్తొస్తుంది.

"అది సరిహద్దు దళాల వైర్‌లెస్ సెట్లోది. లోపల కోడ్ కీ, పైన గట్టి పాలిమర్ పూత. ఆ పూతకి వేడి తగిలితే కీ దానంతటదే చెరిగిపోతుంది. అందుకే విదేశీ ముఠా షార్ట్ పల్స్ లేజర్ వెతుక్కుంది. వేడి కిందికి దిగేలోపే పల్స్ అయిపోతుంది. పూత పొరపొరగా ఎగిరిపోతుంది, చిప్ చల్లగానే ఉంటుంది. కీ చదవగానే వాళ్ళ లాప్‌టాప్ దాన్ని దేశం దాటించేస్తుంది. ఆ తర్వాత సరిహద్దులో మనవాళ్ళ ప్రతి మాటా శత్రువు చెవిలోనే."

"రెయిడ్ చేస్తే?"

"చిప్ ఎక్కడ దాచారో తెలీదు. మిషన్ దగ్గరే బయటికొస్తుంది. నువ్వు సర్వీస్ ఇంజనీర్‌గా వెళ్ళు. చిప్ కనబడగానే చొక్కా బొత్తాం నొక్కు. సాలువా క్యాంపు జవాన్లు బయట టీ కొట్లో ఉంటారు. లోపల ఏంజెలా అని మన మనిషి ఉంది."

"నిజంగా మన మనిషేనా?"

"వాళ్ళూ అలాగే అనుకుంటున్నారు," అని చీఫ్ లేచి వెళ్ళిపోయారు.

ఊళ్ళోని ఇందా బజారు వెనక సందులో గిరిబాబు లేజర్ వర్క్‌షాపు. ప్లాస్టిక్ గొట్టాలకి వెంట్రుకంత రంధ్రాలు వేసే చోటు. మధ్యాహ్నం పార్టీ వస్తోందనీ, చెడిపోయిన చిప్పేదో పరీక్షిస్తారనీ, సర్వీస్ ఇంజనీర్‌గా వచ్చిన ఫణీంద్రకి గిరిబాబు చెప్పాడు. అంతకుమించి అతనికేం తెలీదు.

పార్టీ వచ్చింది. నీలం కోటు వేసుకుని, చేత లాప్‌టాప్ పట్టుకున్న విదేశీయుడు, వెనక ఏంజెలా. ఎర్ర చీర, నల్ల కళ్ళద్దాలు, ఎంత పౌడరు రాసినా దాగని అలసట.

"ఇందా బజార్లో ఇలీశ్ చేప దొరుకుతుందా?" అందామె తెలుగులో.

"దొరుకుతుంది. ముళ్ళెక్కువ."

"అలవాటే."

కోడ్ మాట సరిపోయింది. మనిషి సంగతే తేలలేదు.

విదేశీయుడు ముందు ఒక ఉత్త పాలిమర్ ముక్క ఇచ్చాడు. ఫణీంద్ర పల్స్ సెట్ చేసి కోశాడు. అంచున మసి లేదు, వాసన లేదు. విదేశీయుడు తృప్తిగా తలూపి, బూటు మడమ తిప్పి చిప్ తీసి, లాప్‌టాప్‌కి కలిపి మిషన్ కింద పెట్టాడు.

ఫణీంద్ర బొత్తాం నొక్కాడు. జవాన్ల జవాబు రాలేదు; చెవిలో దాచిన రిసీవర్‌లో రైళ్ళ అనౌన్స్‌మెంట్ తప్ప ఇంకేం వినబడలేదు. మళ్ళీ నొక్కాడు. ఏదో లోకల్ ఆలస్యంగా నడుస్తోందట.

"మొదలుపెట్టు," అన్నాడు విదేశీయుడు ఇంగ్లీషులో. కోటు కిందనుంచి పిస్టల్ మూతి కనబడింది. అతని చూపు మిషన్ స్క్రీన్ మీద పల్స్ అంకెలనుంచి కదలడం లేదు.

పొర వెనక పొర లేచిపోతోంది. పూత అడుగున చిప్ బంగారు తీగలు మెరిశాయి. ఇక ఒక్క పొరే. ఫణీంద్ర ఏంజెలా వైపు చూశాడు. ఆమె గోళ్ళు చూసుకుంటోంది. అయిపోయింది అనుకున్నాడతను. కోపం కూడా రాలేదు.

"ఆ సందులో ఎవరో నిన్ను గమనిస్తున్నారు," అంది ఏంజెలా విదేశీయుడితో, తాపీగా.

అతను కిటికీ వైపు తిరిగాడు. ఫణీంద్ర చెయ్యి నాబ్ మీదికి పోయింది. పొట్టి పల్స్ పొడుగు పల్స్ అయింది. చివరి పొర ఎగరలేదు, కరిగింది. బుడగలు లేచి నల్లబడింది. గది నిండా కాలిన ప్లాస్టిక్ కంపు. కీ చెరిగిపోయి, లాప్‌టాప్ మీద గీతలన్నీ చదునయిపోయాయి.

విదేశీయుడు గిర్రున తిరిగేసరికి ఏంజెలా పిస్టల్ అతని మెడకి ఆనుకుని ఉంది.

"దాదా! నా మిషను తగలెట్టేసినార్రా!" అని గిరిబాబు వీధిలోకి పెట్టిన కేకకి, టీ కొట్లోని జవాన్లు గ్లాసులతో సహా లోపలికి వచ్చిపడ్డారు.

విదేశీయుణ్ణి జీపెక్కించాక ఏంజెలా గుమ్మంలో ఆగింది. "నన్ను నమ్మలేదు కదూ?"

"లేదు."

"నేనూ వాణ్ణి కిటికీ వైపు తిప్పేదాకా ఎటువైపో తేల్చుకోలేదు," అని నడిచి వెళ్ళిపోయింది.

ఫణీంద్ర స్టూలు మీద కూలబడి మోకాళ్ళు నిమురుకున్నాడు. గిరిబాబు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఏటి బాబూ, లెన్సు మసిబారిపోనాది. బాగుసేసి ఎల్లండి."

"నేను ఇంజనీర్ని కాదు గిరిబాబు గారూ. గూఢచారిని."

"ఆ ముక్క నా మిషను ముట్టుకోకముందు సెప్పాల."