అచ్చెన్న మోసిన నింద

“నా గుమ్మం తొక్కొద్దని ఎనిమిదేళ్ళ కిందటే సెప్పాను. మళ్ళీ ఏటి పని?”

చంద్రరావు మాటకు అచ్చెన్న చాచిన శుభలేఖను వెనక్కి తీసుకున్నాడు. మింగళ తౌంగ్‌న్యున్‌ అనే ఈ పరదేశపు తెలుగువాళ్ళ పేటలో ఒకే మేడ మీద ఎదురు వాటా మనిషి... చిన్నప్పుడు చంద్రరావును భుజాల మీద మోసిన మనిషి! కూతురి పెళ్ళికి పిలవడానికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. వంటగదిలో మిరపకాయల తొడిమలు తీస్తున్న చంద్రరావు తల్లి తులసమ్మ చేట పక్కన పెట్టేసింది. ఆ మాట పడవలసింది తను కదా...

ముందుగదిలో క్యాసెట్ మోగుతోంది. ఓడలో పనిచేసే గోపాలం నిన్ననే సింగపూర్ నుంచి తెచ్చాడు.

“ఇను” అన్నాడు చంద్రరావు అచ్చెన్నతో. “ఒతావియో. బ్రెజిల్ రేవులో కాఫీ బస్తాలు మోస్తా, నూనె డబ్బాల మీద వాయించుకున్నోడు. ఓడల్లో డ్రమ్స్ వాయించి, ఇప్పుడు సొంతంగా జాజ్ పాటలు కడతన్నాడు. ఈ పాటకి మన పేట పేరే ఎట్టాడు. ఈ తప్పెట దెబ్బ నాను ఆయనకి నేర్పిందే. ఆయన్ని పట్టించింది నువ్వు.”

ఎనిమిదేళ్ళ కిందట అమ్మవారి పండుగలో చంద్రరావు తప్పెటగుళ్ళు విని, ఏడు రోజుల వీసా మీద వచ్చిన ఒతావియో వెంటబడి ఇంటికొచ్చాడు. తప్పెటను గుండెకు కట్టుకుని రెండు రోజులు నేర్చుకున్నాడు. ఇక్కడే పడుకున్నాడు కూడా. సొంత చుట్టం పడుకున్నా వార్డు ఆఫీసులో పేరు రాయించాలి. పరదేశి అసలు పడుకోకూడదు. మూడోనాడు సర్కారు మనుషులొచ్చి అతన్ని విమానం ఎక్కించారు. చంద్రరావును పదకొండు రోజులు లాకప్‌లో పెట్టారు. వార్డు ఆఫీసులో టీ కాచే అచ్చెన్నే చెప్పాడని పేటంతా నమ్మింది. తులసమ్మ కాదనలేదు. ఎదురు వాటా తలుపు మూసుకున్న ప్రతిరోజూ, రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఎనిమిదేళ్ళు గడిపేసింది...

ఇక కాళ్ళు ఆగలేదు. ముందుగదిలోకి వచ్చి క్యాసెట్ ఆపింది.

“ఆడు కాదురా నాయనా. ఆఫీసుకెల్లి సెప్పింది నాను.”

చంద్రరావు నవ్వబోయాడు. తల్లి ముఖం చూసి ఆగిపోయాడు.

“పేరు రాయించకపోతే అందరినీ పట్టుకుపోతారని బయపడినాను. అది నిజమే. కానీ...” తులసమ్మ కొంగుతో నోరు నొక్కుకుంది. “ఆయన నిన్ను తన బ్యాండులోకి రమ్మంతన్నాడని ఇన్నాను. ఆయన్ని పంపించేస్తే నువ్వు నా కాడే ఉంటావనుకున్నాను.”

చంద్రరావు నేల చూస్తూ అన్నాడు.

“రానని ఆయనకి ఆరోజే సెప్పేశానమ్మా. మా అమ్మ ఒక్కర్తే ఉంటాదని.”

తులసమ్మ గోడకు ఆనుకుని కూలబడిపోయింది. అయ్యో... తను కాపాడుకోవాలనుకున్నది అప్పటికే తన ఒడిలో ఉంది! దానికోసం ఒక నిర్దోషిని నిందపాలు చేసింది.

“ఎనిమిదేళ్ళు, వదినా” అన్నాడు అచ్చెన్న. “మా ఆడది పోయినప్పుడు కూడా ఈ ఇంటోళ్ళు రాలేదు.”

చంద్రరావు వెళ్ళి అతని కాళ్ళ మీద పడ్డాడు. లేచి, తల్లి వైపు చూడకుండా అన్నాడు.

“పద. ఆళ్ళింటికి సుట్టాలంతా వచ్చినారు. ఇదే మాట ఆళ్ళందరి ముందూ సెప్పాల.”

తులసమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. కొడుకు ముందు నడిచాడు, చెయ్యి అందించలేదు. కన్నీళ్ళలో గడప కనబడక ఆమె తడబడింది.

“గడప, వదినా... సూసుకో” అన్నాడు అచ్చెన్న.