హిస్కె ఇనుప డెక్

కొట్టు నడిపేవాడికి వర్షం కూడా ఒక బేరమే. బయట తడవడం కన్నా లోపల నాలుగు కార్డులు చూడటం నయమని జనం వస్తారు. కొందరు కొంటారు, మిగతావాళ్ళు నేల తడిపి పోతారు. లేవర్డెన్ పట్టణంలో వానకి కొదవ లేదు గనక తన ఆట కార్డుల కొట్టు మునగదని యెల్మర్ ధీమాగా ఉండేవాడు.

ఆ గురువారం సాయంత్రం నేల తడిపింది హిస్కె. పసుపు రెయిన్‌కోటు, నుదుటికి అతుక్కున్న జుట్టు, చంకలో బిస్కెట్ల రేకు డబ్బా.

"నలుగురాటకి ఒక కుర్చీ ఖాళీ ఉందని తలుపు మీద రాశారు. ఉందా, నిండిపోయిందాండీ?"

"ఉంది. కోటు అక్కడ తగిలించండి, కార్డుల మీద కాదు."

గురువారం బల్ల దగ్గర అప్పటికే ఇద్దరున్నారు. ఒకరు పాల లారీ నడిపే బౌకె. కుర్చీలో పట్టనంత మనిషి. రెండోది రూలీ అత్త. నర్సుగా చేసి రిటైరయింది, తన వంతు వచ్చేదాకా మేజోళ్ళు అల్లుతూ ఉంటుంది. ఆట పద్ధతి సులువే. ఒక్కొక్కరు నూరు కార్డుల కట్ట, అంటే డెక్, సొంతంగా కూర్చుకుని తెచ్చుకోవాలి. నలుగురూ ఎవరికి వారే. ఆఖరికి మిగిలినవాళ్ళు గెలిచినట్టు. మొదలుపెట్టే ముందు తమ డెక్ ఎంత బలమైందో నిజాయితీగా చెప్పడం ఆ బల్ల దగ్గర మర్యాద.

"నావి డ్రాగన్లు. అరుపెక్కువ, కాటు తక్కువ," అన్నాడు బౌకె.

"నావి దయ్యాలమ్మా. నిదానంగా చంపుతాయి," అంది రూలీ అత్త.

"నాది మామూలు డెక్," అన్నాడు యెల్మర్.

"వీడు మామూలు అన్నాడంటే పర్సు జాగ్రత్త చేసుకో అమ్మాయ్," అన్నాడు బౌకె.

హిస్కె రేకు డబ్బా మూత తీసింది. "నాది మొత్తం ఆర్టిఫాక్ట్ డెక్. గడియారాలు, పంపులు, దీపాలు, ఇనుప పక్షులు. మనుషులు దాదాపు లేరు. ఎంత బలమో నాకే తెలీదు. ఇంతవరకూ గోడతోనే ఆడాను."

ఆట మొదలైంది. బౌకె అరిచాడు, రూలీ అత్త అల్లింది, హిస్కె పేర్చింది. పంపు పక్కన చక్రం, చక్రం పక్కన గడియారం. చూస్తూండగా బల్ల మీద ఆమె వైపు చిన్న ఫ్యాక్టరీ లేచింది. కళ్ళు మెరుస్తున్నాయి.

"ఇంకొక్క వంతు. ఇంకొక్కటి వచ్చిందంటే మొత్తం కదులుతుంది!"

యెల్మర్ ఆ కళ్ళు చూశాడు. ఆ తర్వాత తన చేతిలోని కార్డు చూసుకున్నాడు. దాని పేరు 'తుప్పు'. బల్ల మీదున్న యంత్రాలన్నీ పాత ఇనుము కింద పోతాయి. వేశాడు.

రూలీ అత్త సూదులు ఆగిపోయాయి.

"సాయంత్రమంతా కూర్చుని పేర్చానండీ! ఒక్క కార్డుతో..."

"సరుకంతా ఒకే పడవలో ఎక్కించకూడదండీ. వ్యాపారంలో మొదటి పాఠం."

"అసలు నువ్వు మనిషివేనా?"

కోపంలో మీరు కాస్తా నువ్వు అయిపోయింది. యెల్మర్ దాన్ని లాభంలో వేసుకున్నాడు.

*

మర్నాడు కొట్టు తెరిచేసరికి హిస్కె గుమ్మంలో నిలబడి ఉంది.

"నీ నుంచి కాపాడే కార్డులు కావాలి."

"అవి అమ్మితే నేనెలా గెలుస్తాను?"

"అది నీ బాధ. కొట్టు పెట్టావుగా, అమ్ము."

ఆమె పట్టణం బయట కాలువ మీది పాత వంతెనకి కాపరి. పడవ వస్తే వంతెన లేపాలి, పోయాక దించాలి. పడవలు తిరిగే కాలమంతా అదే పని. డ్యూటీ దిగగానే సైకిలేసుకుని కొట్టుకి రావడం అలవాటు చేసుకుంది. కౌంటరు మీద నూరు కార్డులూ పరిచి ఇద్దరూ పోట్లాడుకునేవాళ్ళు.

"చూడు, నీ డెక్‌లో అన్నీ తినే యంత్రాలే. సంపాదించేవి ఏవీ? ముందు చవగ్గా దిగి నీకు శక్తి తెచ్చిపెట్టేవి కావాలి. తర్వాత ఆ శక్తితో పనిచేసేవి. విరిగిపోయినా పోతూ పోతూ ఏదో ఒకటి ఇచ్చి పోయేవి కొన్ని ఉండాలి. అప్పుడు నేను తుప్పు వేసినా నువ్వు రోడ్డున పడవు."

"సంసారం గురించి చెప్తున్నావా, కార్డుల గురించా?"

"రెండూ ఒకటే. ఇదిగో, ఈ 'పడవవాడి లాంతరు' తీసెయ్. ఏ పనీ చెయ్యదు."

"వెలుగుతుందిగా."

"ఆటలో ఏం చేస్తుందంటున్నా."

"నాకు సంతోషం ఇస్తుంది. దానికి నీ దగ్గర ధర ఉందా?"

యెల్మర్ దగ్గర లేదు. లాంతరు డెక్‌లోనే ఉండిపోయింది.

అతని కౌంటరుకి ఒక నియమం ఉంది. కార్డుకి కార్డు మార్చుకుంటే రెండు వైపులా తూకం సరిపోవాలి. ఇటు రవ్వంత తగ్గితే చిల్లర పెట్టెలోంచి ఒక కార్డు తీసి కలుపుతాడు, అటు తగ్గితే అడిగి తీసుకుంటాడు. కొసరు కూడా తూచి వేసే రకం. ఊళ్ళో ఎవరూ అతను మోసం చేశాడనరు. ఉదారంగా ఇచ్చాడని కూడా అనరు.

హిస్కె డెక్ నెమ్మదిగా దారికొచ్చింది. విడిగా చూస్తే ఒక్కొక్కటీ పాత సామాను కొట్లో దుమ్ముపట్టే వస్తువు. పక్కపక్కన పెడితే ఒకటి తిప్పింది ఇంకొకటి అందుకుని, అది మూడోదాన్ని లేపి, గిర్రున తిరిగేది. దానికి అన్నిటికన్నా గట్టి దన్ను 'గాజు కప్పు' అనే కార్డు. దాన్ని పగలగొడితే ఎంత పెద్ద దెబ్బ నుంచైనా ఒక్కసారి ఒక్కరిని కాపాడుతుంది.

ఒక గురువారం బౌకె డ్రాగన్లన్నీ యెల్మర్ మీదికి ఎగిరాయి. అతని పని అయిపోయినట్టే.

"టాటా చెప్పుకో రా!" అన్నాడు బౌకె.

"ఆగు," అంది హిస్కె. తన గాజు కప్పు తీసి యెల్మర్ మీద పెట్టింది. "పగలగొట్టాను. వాడు బతికాడు."

బౌకె గొణుగుతూ డ్రాగన్లని వెనక్కి తీసుకున్నాడు. నలుగురాటలో ఒకరినొకరు కాపాడుకోవడం ఉన్నదే, కానీ ముందు బేరం మాట్లాడుకుని కాపాడతారు.

"నీకేం కావాలి?" అన్నాడు యెల్మర్.

"ఏమీ వద్దు."

"అలా కుదరదు."

"కుదిరింది కదా, చూడు."

యెల్మర్‌కి కుర్చీలో ముళ్ళున్నట్టయింది. తన వంతు రాగానే గెలుపుకి దాచుకున్న కార్డు తీసి, హిస్కె మీదికి పాకుతున్న రూలీ అత్త దయ్యాన్ని కొట్టేశాడు. "చెల్లు," అన్నాడు హాయిగా.

"ఎవరడిగారు?" అంది హిస్కె. మొహం కొంచెం వాడింది.

"వీడికి ముద్దుపెట్టినా రసీదు రాసిస్తాడే," అంది రూలీ అత్త దారం ముడేస్తూ.

*

ఆకులు రాలే కాలం వచ్చింది. తడి ఆకుల మీద యెల్మర్ సైకిలు జారింది, కుడి మణికట్టు విరిగింది. ముందు చూస్తే దగ్గర పడిన కార్డుల సంత. వెనక చూస్తే విప్పని పెట్టెలు.

అతను ఎవర్నీ పిలవలేదు. పిలిస్తే ఇవ్వాలి. కానీ ముగ్గురూ వచ్చారు. బౌకె పెట్టెలు మోశాడు. రూలీ అత్త బఠాణీ సూప్ తెచ్చి, కట్టు చూసి, కట్టినవాణ్ణి తిట్టింది. హిస్కె ప్రతి సాయంత్రం వచ్చి కార్డులు వేరుచేసి, ఒక్కొక్కదాన్నీ ప్లాస్టిక్ తొడుగులోకి దూర్చింది. గురువారం ఆటలో అతని డెక్ కూడా తనే కలిపేది. నూరు కార్డులు ఒంటిచేత్తో కలపడం ఎవరి తరమూ కాదు. ఆమె వేళ్ళ మధ్య తన కార్డులు జలజలా జారుతుంటే యెల్మర్ ఆట సంగతి మర్చిపోయేవాడు.

"కింద మంచి కార్డులు దాచేసి కలపొచ్చుగా నువ్వు," అన్నాడోసారి.

"ఆ బుద్ధి నీది." కలుపుతూనే మామూలుగా అంది, "సీజన్ అయిపోతే జీలాండ్‌లో నౌకల లాకుల దగ్గర పని ఇస్తామంటున్నారు. అటు వెళ్తే మళ్ళీ ఇటు రావడం ఉండదు. ఇంకా ఏమీ చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"ఇక్కడ నన్ను ఆపేది ఏమైనా ఉందేమో అని చూస్తున్నా." ఆమె డెక్ అతని ముందు పెట్టింది. "తీసుకో. నీదే మొదటి వంతు."

బుద్ధున్నవాడైతే అప్పుడే నోరు విప్పేవాడు. యెల్మర్ కార్డు తీశాడు.

సంత బాగా జరిగింది. కట్టు విప్పిన మర్నాడు యెల్మర్ మూడు పొట్లాలు కట్టాడు. బౌకెకి డ్రాగన్, రూలీ అత్తకి దయ్యం. వాళ్ళు నవ్వి పుచ్చుకున్నారు. హిస్కె పొట్లంలో 'రాగి గుండె' ఉంది. గాజు బీరువాలో తాళం వేసి ఉండే కార్డు, ఆమె డెక్‌కి మొదటినుంచీ లేనిది అదొక్కటే. అడగడానికి కూడా సంకోచించి, వచ్చినప్పుడల్లా అద్దంలోంచి చూసి పోయేది.

ఆమె పొట్లం విప్పింది. కార్డుని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. "యెల్మర్! ఇది నాకా?"

అక్కడితో ఆగి ఉంటే కథ వేరుగా ఉండేది.

"నీ సాయంత్రాలన్నిటికీ సరిగ్గా సరిపోతుంది," అన్నాడతను గర్వంగా. "బాగా ఆలోచించి తూచాను. ఇప్పుడు మనిద్దరి మధ్య బాకీ ఏమీ లేదు."

"బాకీ లేదా?"

"ఏమీ లేదు."

"అయితే ఇంక నేను రానక్కర్లేదు."

"నేనలా అన్నానా?"

"నీ తూకం అంది." కార్డుని కౌంటరు మీద మెల్లగా పెట్టింది. అది నలగకూడదన్న జాగ్రత్త ఆ కోపంలోనూ ఉంది. పసుపు కోటు తలుపు దాటి వానలో కలిసిపోయింది.

*

ఆ తర్వాతి గురువారం కుర్చీ ఖాళీగా ఉంది. ముగ్గురితో ఆట సాగలేదు.

"ఆ పిల్ల సాయంత్రాలు అమ్ముకుందనుకున్నావట్రా?" అంది రూలీ అత్త.

"మరి ఉత్తినే పుచ్చుకోమంటావా అత్తా?"

"ఉత్తినే పుచ్చుకో. 'నీకు రుణపడ్డాను' అనుకుని హాయిగా పడుకో. ఆసుపత్రిలో చూసేదాన్ని కదా, ఇంకొకరి చేతి నీళ్ళు తాగడం రానివాళ్ళకే గాయం మానడం ఆలస్యం."

"శనివారంతో పడవలు ఆఖరట," అన్నాడు బౌకె పైకప్పు వంక చూస్తూ. "నాకెందుకులే గానీ."

ఆ రాత్రి యెల్మర్ ఒక లెక్క మొదలుపెట్టాడు. తనకి వచ్చినవేమిటి? వానలో సైకిలు తొక్కుకుంటూ వచ్చిన మనిషి. తన కార్డులు తిన్నగా కలిపిన వేళ్ళు. తుప్పు వేసినవాడి కోసం పగిలిన గాజు కప్పు. ఆమే కాదు, సూప్ గిన్నె మీద దుప్పటి చుట్టి తెచ్చిన రూలీ అత్త, అడక్కుండా పెట్టెలు మోసిన బౌకె. రెండో వైపు ఏం పెట్టాలో తోచలేదు. ఆ వైపు ఖాళీగా ఉందని తెలిసినా, వింతగా, భయం వేయలేదు. చలికి ఎవరో భుజాల మీద శాలువా కప్పినట్టనిపించింది. ఇంతమంది ఇంత ఇచ్చి కూడా తిరిగి ఏమీ అడగలేదు తనని. ఎంత అదృష్టవంతుణ్ణి అనుకున్నాడు.

శనివారం యెల్మర్ వాళ్ళ వీబ్రెన్ తాత తన పడవని చలికాలం షెడ్డుకి తోలుకెళ్తున్నాడు. యెల్మర్ అందులో ఎక్కాడు.

"నీకు నీళ్ళంటే పడదుగా?" అన్నాడు తాత.

"రోడ్డు మీద వెళ్తే ఆమె గది దిగి రాదు తాతా. పడవకైతే రావాలి కదా."

వంతెన లేచింది. రెండు వైపులా సైకిళ్ళు ఆగాయి. హిస్కె కంచె దగ్గరికొచ్చి, వంతెన పన్ను కోసం గాలపు కర్రకి కట్టిన చెక్కబూటుని పడవ మీదికి ఊపింది. కింద ఎవరున్నారో అప్పుడు చూసింది. బూటు గాల్లో ఆగింది.

తాత నాణెం బూటులో వేసి ఇంజను ఆపేశాడు. "వంతెనకి నేనిచ్చానమ్మా. మిగతాది వీడితో తేల్చుకో."

"ఆ కార్డు మళ్ళీ తెచ్చావా?" అంది హిస్కె.

"తేలేదు. ఏమీ తేలేదు."

"ఖాళీ చేతుల్తో వచ్చావా? నువ్వు?"

"నీకు రుణపడ్డాను హిస్కె. తీర్చలేను. తీర్చాలని కూడా లేదు. ఇన్నాళ్ళూ ఒకరిది ఉంచుకుంటే చిన్నవాణ్ణయిపోతానని భయపడ్డాను. నీ దగ్గర తీసుకున్నాక మనిషినయ్యాను." ఊగుతున్న పడవ అంచు పట్టుకున్నాడు. "ప్రేమిస్తున్నాను. దీనికి బదులేమీ ఇవ్వక్కర్లేదు."

సైకిలు గంటలు మోగాయి. "వంతెన దించేసి ప్రేమించుకోండమ్మా!" అని అరిచిందొకావిడ. "మా వాడు ఈత క్లాసు బయట వణుకుతుంటాడు!"

హిస్కెకి నవ్వాగలేదు. "నీకు థాంక్స్ చెప్పడం వచ్చా?"

"థాంక్స్."

"దేనికి?"

"అన్నిటికీ."

"ఒక్కొక్కటీ చెప్పు."

"చెప్పను. ఒక్కొక్కటీ చెప్తే మళ్ళీ లెక్కవుతుంది."

ఆమె కంచె మీదికి వంగింది. "జీలాండ్ వాళ్ళకి రానని నిన్ననే చెప్పేశాను."

"నిన్ననా? నేనింకా రానేలేదు కదా!"

"నువ్వొస్తావని కాదు. ఇక్కడ ఉండాలనిపించింది, ఉంటున్నాను. దేనికీ బదులుగా కాదు. పుచ్చుకోగలవా?"

యెల్మర్ నాలుక చివరకి ఒక ప్రశ్న వచ్చింది. మింగేశాడు. మెడ నొప్పెట్టేదాకా తలెత్తి ఆమెనే చూస్తూ, "పుచ్చుకున్నాను," అన్నాడు.

తాత ఇంజను తిప్పాడు. పడవ వంతెన కింద నుంచి సాగింది. వెనక వంతెన దిగింది, సైకిళ్ళు కదిలాయి, ఈత క్లాసు ఆవిడ పోతూ పోతూ హిస్కె వీపు మీద ఒకటి తట్టింది.

"ఏరా, ఆ పిల్ల అంత ఇచ్చింది. నువ్వేమిచ్చావు?" అన్నాడు తాత.

"ఏమీ ఇవ్వలేదు తాతా."

"సిగ్గేస్తోందా?"

"లేదు."

"అయితే పెళ్ళికి నేనొస్తాను," అన్నాడు వీబ్రెన్ తాత. చుక్కాని మనవడి చేతికిచ్చి, తను కూర్చుని, ఫ్లాస్కులోంచి కాఫీ ఒంపుకున్నాడు.