ఇనుప పొట్టకు ఏడు దెబ్బలు

అక్టోబరు రెండో ఆదివారం. పొద్దున పదిన్నరకల్లా పాత బీరు కార్ఖానా ఆవరణంతా బీన్స్ ఉడుకుతున్న వాసన. పెద్ద కళాయి కింద కట్టెలు చిటపటమంటున్నాయి. పక్కనే బల్ల మీద సాసేజీలు, పచ్చి ఉల్లిపాయలు, ప్లమ్ పండ్ల సారా సీసాలు. చుట్టూ నలభై మంది. అందరివీ తోలు కోట్లే, ఒక్కరి కోటుకీ బొత్తాలు పడవు. అందరి పొట్టలూ యాభై ఏళ్ళలో పెరిగాయి మరి.

యాభై ఏళ్ళంటే గుర్తొచ్చింది. బనాత్ మైదానంలోని ఈ చిన్న ఊళ్ళో, ఈ కార్ఖానాలోనే, 1974లో 'చెవిటి గంటలు' అనే నలుగురి రాక్ బృందం 'ఇనుప పొట్ట' అనే రికార్డు చేసింది. వాళ్ళకి మంచి స్టూడియో దొరికే యోగం లేదు. ఖాళీగా పడున్న ఒక బీరు ట్యాంకులో స్పీకరు, మైకు పెట్టారు. పాటని స్పీకరులోంచి లోపలికి వదిలారు. అది ఇనుప గోడలకి కొట్టుకుని మోగిన మోతని మైకుతో పట్టారు. అలాంటి మోత ఆ తర్వాత ఎవరికీ కుదరలేదు. కార్ఖానా మూతబడి ముప్పై ఏళ్ళయినా అభిమానులు మాత్రం ఏటా వస్తారు. స్పీకరు, మైకు అలాగే ట్యాంకులో పెట్టి, రికార్డు మొత్తం వింటారు.

ఆఖరి పాట అయిపోయాక పదకొండు సెకన్ల నిశ్శబ్దం ఉంటుంది. తర్వాత ఏడు దెబ్బలు. మూడు, రెండు, రెండు. అంతే, రికార్డు అయిపోతుంది.

ఆ దెబ్బలు కొట్టింది లాజర్. బృందానికి వైర్లు మోసిన మనిషి, ఇరవై రెండేళ్ళవాడు. మైకు సరిచేయడానికి ట్యాంకులోకి దూరాడట, పనిచేస్తోందో లేదో చూద్దామని ఏడుసార్లు తట్టాడట, ఇంతలో పక్క ట్యాంకులో పులుస్తున్న బీరు తాలూకు గ్యాసు కమ్మేసి అక్కడే పడిపోయాడట. అభిమానులందరికీ తెలిసిన కథ ఇదే. అందుకే ఆ దెబ్బలు వినబడగానే నలభై మందీ చెంచాలతో ట్యాంకు మీద తిరిగి ఏడు కొడతారు. లాజర్‌కి జవాబన్నమాట. ఈ ఆచారం మొదలుపెట్టింది సంఘం ప్రెసిడెంటు రాదివోయ్. డెబ్బై ఏళ్ళ మనిషి, మాటకు ముందు దగ్గు వస్తుంది. లాజర్‌కి ప్రాణస్నేహితుడని ఊరంతా చెప్పుకుంటుంది.

"ఏమోయ్ ప్రెసిడెంటూ!" అంటూ వచ్చాడు జీవ్‌కో. రికార్డులు, మిషన్లు చూసుకునేది అతనే. పైపళ్ళు కట్టుడువి, మాట మాటకీ ఈల పడుతుంది. చంకలో ఒక అట్టపెట్టె. "ఈ యేడాది రికార్డు ప్లేటు తిప్పేది లేదు. ఏం తెచ్చానో చూడు."

"ఏంట్రా అది?"

"అసలు టేపు! అప్పట్లో రికార్డు చేసిన సౌండు మాస్టారు పోయాడు కదా, వాళ్ళావిడ అటక దులుపుతుంటే బయటపడిందట. ప్లేటు మీద ఏడో దెబ్బ దగ్గర కోసేశారు రా. దీన్లో ఆ తర్వాత ఇంకో నాలుగు నిమిషాలుంది."

రాదివోయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "విన్నావా?"

"ఒట్టు, వినలేదు. అందరితో కలిసి విందామని ప్రాణం ఉగ్గబట్టుకుని కూర్చున్నా. పెట్టె మీద మాస్టారు పెన్సిల్‌తో ఏదో గిలికాడు చూడు. 'ఈ జనమంతా ఎవరు?' అని. తాగి రాసుంటాడు మహానుభావుడు."

జీవ్‌కో నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. రాదివోయ్ ఆ పెట్టె మీంచి చూపు తిప్పలేకపోయాడు.

ఎందుకంటే అసలు సంగతి అతనొక్కడికే తెలుసు. ఆ రోజు లాజర్ లోపలికి దూరగానే ట్యాంకు తలుపు మూసి, చక్రం తిప్పి బిగించింది ఈ ప్రాణస్నేహితుడే. బృందంతో పాటు ఊళ్ళు తిరగడానికి, వైర్లు మోసే తమ ఇద్దరిలో ఒకణ్ణే తీసుకెళ్తామన్నారు. లాజర్‌ని ఎంచుకున్నారు. కడుపు మండింది. కాసేపు భయపడి చావనీ అనుకున్నాడు. లోపలి నుంచి లాజర్ కొడుతుంటే బయటి నుంచి తనూ వేళ్ళతో కొట్టాడు, వెక్కిరింతగా. నవ్వుకుంటూ బీరు తాగడానికి పోయాడు. వచ్చి తలుపు తీసేసరికి లాజర్ కదల్లేదు. తలుపు తెరిచే ఉన్నట్టు బార్లా తీసిపెట్టి, అప్పుడు గొంతు చించుకుని అరిచాడు.

నాలుగు నిమిషాలు... లోపల మైకు పనిచేస్తూనే ఉంది. లాజర్ ఏం అరిచుంటాడు? ఎవరి పేరు పెట్టి అరిచుంటాడు?

"రాదివోయ్ అన్నా."

వెనక్కి తిరిగాడు. దారింకా. లాజర్ చెల్లెలు. యాభై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఇటు తొంగి చూడని మనిషి, నల్లగుడ్డ తలకు కట్టుకుని, చేతిలో గిన్నెతో నిలబడింది. గిన్నెలో ఉడికించిన గోధుమలు, పంచదార, అక్రోట్ పొడి. పోయినవాళ్ళ పేరు మీద పెట్టేది.

"నువ్వా అమ్మా... రా, రా. చాలా సంతోషం."

"మా అన్న గొంతు ఉండొచ్చంటగా టేపులో? జీవ్‌కో చెప్పాడు. వాడి గొంతు ఎలా ఉండేదో మర్చిపోయానన్నా. విందామని వచ్చా." చెంచాడు గోధుమలు తీసి అతని నోటికి అందించింది. "ఒక్క మాట అడుగుతా, ఏమనుకోకు. తలుపు తెరిచే ఉందన్నారు కదా. మైకు చూడ్డానికైతే మైకు మీద తట్టాలి. వాడు ఇనుము మీద ఎందుకు కొట్టాడంటావ్?"

గోధుమలు గొంతులో అడ్డం పడ్డాయి. దగ్గు తెర ముంచుకొచ్చింది. ఆ దగ్గు చాటునే తప్పించుకున్నాడు.

ఊళ్ళో పరువు, సంఘం, ముప్పై ఏళ్ళుగా ప్రెసిడెంటు గారూ అన్న పిలుపు, అన్నీ ఆ నాలుగు నిమిషాల్లో బూడిదైపోతాయి. టేపు లాక్కుంటే అనుమానమొస్తుంది. ఒకటే దారి. జనం వినేది ట్యాంకు లోపలున్న మైకులోంచి. ఆఖరి పాట అయిపోగానే ఆ మైకు వైరు పీకేస్తే చాలు. పాత వైరు, తెగిపోయిందంటాడు. తర్వాత టేపు సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు.

పన్నెండు గంటలకి అందరూ హాల్లో ట్యాంకు ముందు చేరారు. ఎత్తయిన కిటికీల్లోంచి ఎండ పడుతోంది. దారింకా ముందు కుర్చీలో, ఒళ్ళో గిన్నె పెట్టుకుని కూర్చుంది. గోధుమలు తిన్న చెంచాలే అందరి చేతుల్లోనూ ఉన్నాయి. జీవ్‌కో మీట నొక్కాడు.

ఆఖరి పాట సగంలో రాదివోయ్ మెల్లగా జారుకున్నాడు. ట్యాంకు తలుపు వెనకవైపు ఉంది, గోడకీ ట్యాంకుకీ మధ్య మనిషి ఒరుసుకుంటూ పోవాల్సిన సందులో. మోకాలెత్తున ఉన్న కోడిగుడ్డు ఆకారం కంత. ముందు తల, తర్వాత భుజాలు దూర్చి, పాక్కుంటూ లోపలికి దిగాడు.

లోపల చీకటి. తుప్పు వాసన. పాట హోరుకి పళ్ళు అదురుతున్నాయి. సెల్‌ఫోన్ వెలుగులో మైకు కనబడింది. వైరు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. గిటారు ఆఖరి తీగ సాగి, సాగి, ఆగిపోయింది.

పీకేశాడు.

బయట హాల్లో ఇక ఏమీ వినబడదు. హమ్మయ్య. ఇక్కడ స్పీకరులో మాత్రం టేపు సన్నగా బుస కొడుతోంది. తిరుగుతోందింకా. సరే తిరగనీ, తన ఒక్కడికేగా వినబడేది. కంత వైపు తిరిగాడు.

కంతలోంచి పడే వెలుగు సన్నబడుతోంది...

అడుగుల చప్పుడు లేదు. ఊపిరి చప్పుడు లేదు. తలుపు దానంతట అది, నింపాదిగా, మూసుకుంటోంది. రాదివోయ్ పాక్కుంటూ వెళ్ళేలోపు వెలుగు గీతయింది. గీత కూడా పోయింది. బయట చక్రం తిరిగింది. కిర్రు. కిర్రు. కిర్రు. యాభై ఏళ్ళ కిందట తన చేతిలో తిరిగింది కూడా సరిగ్గా మూడుసార్లే.

"ఒరేయ్! ఎవర్రా అది? జీవ్‌కో!"

గొంతు ఇనుముకి కొట్టుకుని తన ముఖానికే తగిలింది. మైకు ఉంటే నలభై మందీ వినేవాళ్ళు. ఆ మైకు వైరు తన చేతిలోనే వేలాడుతోంది.

వెనక స్పీకరులో...

టంగ్. టంగ్. టంగ్.

టంగ్. టంగ్.

టంగ్. టంగ్.

తర్వాత గొంతు. యాభై ఏళ్ళయినా చెక్కుచెదరని గొంతు. "రాదివోయ్... తెరవరా. ఆటలొద్దు రా. గాలి ఆడట్లేదు..."

రాదివోయ్ సెల్‌ఫోన్‌తో తలుపు మీద బాదాడు. చేతికొచ్చినట్టు, లెక్కాపత్రం లేకుండా బాదాడు. సెల్‌ఫోన్ పగిలింది. వెలుగు పోయింది. పిడికిలితో బాదాడు.

బయట ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ వెంటనే నలభై చెంచాలు ఒక్కసారిగా ఇనుము మీద పడ్డాయి. మూడు. రెండు. రెండు.

జనం కేరింతలు. ఎవరో ఈల వేశారు.

"కాదురా! నేను రా! తెరవండి!" మళ్ళీ బాదాడు. ఇరవైసార్లు, ముప్పైసార్లు. వేళ్ళు చిట్లాయి. నెత్తురు మోచేతి దాకా కారింది.

వాళ్ళు మళ్ళీ ఏడే కొట్టారు. ఎంత కొట్టినా జవాబు ఏడే కదా. అలా నేర్పింది తనే.

"భలే! మళ్ళీ కొట్టండి! గట్టిగా!" జీవ్‌కో గొంతు, పళ్ళ సందులోంచి ఈలతో సహా. అది ఇనుము అవతలి నుంచి వచ్చిందో, వెనక స్పీకరులోంచి వచ్చిందో తెలియలేదు.

అప్పుడొచ్చింది వాసన. పులిసిన పిండి వాసన... ముప్పై ఏళ్ళుగా ఎండిపోయిన ట్యాంకులో, పచ్చిగా, వెచ్చగా, బీరు పులుస్తున్న వాసన. కనబడని గ్యాసు మోకాళ్ళ దాకా... నడుము దాకా... దగ్గుదామంటే ఊపిరి అందలేదు. పిడికిలి తలుపుకి ఆనించి, ఇంక కొట్టలేక, అలాగే ఒరిగిపోయాడు.

అతను కొట్టడం ఆపేశాడు. అయినా అతని చెవి పక్కనే, లోపలి వైపు నుంచి, ఇంకెవరో కొడుతూనే ఉన్నారు.

బీన్స్ వడ్డించే వేళకి గానీ ప్రెసిడెంటు ఏడని ఎవరికీ తోచలేదు. వెతికి, చక్రం తిప్పి, బయటికి లాగారు. డాక్టరు గుండె ఆగిందని రాశాడు. చక్రం ఎవరు తిప్పారో తేలలేదు. అందరూ ట్యాంకు ముందే ఉన్నారని, దారింకాతో సహా, నలభై మందీ ఒకరికొకరు సాక్ష్యం చెప్పారు.

రాదివోయ్‌కి నలభయ్యో రోజు కర్మ ముగిశాక, మధ్యాహ్నం దారింకా జీవ్‌కో ఇంటికొచ్చింది. గోధుమల గిన్నె వంటింటి బల్ల మీద పెట్టింది.

"ఆ రోజు మా అన్న గొంతు వినలేదు నేను. పెట్టు."

జీవ్‌కోకి ఆ టేపు ముట్టుకోవాలని లేదు. కానీ ఆమె ముఖం చూసి కాదనలేకపోయాడు. ఆఖరి పాట దాటించి పెట్టాడు. పదకొండు సెకన్లు. ఏడు దెబ్బలు. "రాదివోయ్... తెరవరా..." దారింకా కళ్ళు మూసుకుంది. చెంప మీద నీళ్ళు జారాయి. యాభై ఏళ్ళ అనుమానానికి అదీ జవాబు.

ఆ తర్వాత టేపులో తలుపు బాదిన చప్పుడు. దానికి జవాబుగా, దూరంగా, ఇనుము అవతల, నలభై చెంచాలు. మూడు, రెండు, రెండు. కేరింతలు. ఈల.

"భలే! మళ్ళీ కొట్టండి! గట్టిగా!"

జీవ్‌కో కుర్చీలో కొయ్యబారిపోయాడు. అది తన గొంతు. కట్టుడు పళ్ళ ఈల. ఆ టేపు చేసిన నాడు తను పందొమ్మిదేళ్ళ సిపాయి, ఎక్కడో మారిబోర్ బ్యారక్సులో ఉన్నాడు. నోట్లో ముప్పై రెండు పళ్ళూ ఉండేవి.

టేపులో లాజర్ ఏడుస్తున్నాడు. "ఎవరండీ మీరంతా? ఎందుకు నవ్వుతున్నారు? తెరవండి..."

దానికి జవాబుగా చెంచాలు మళ్ళీ ఏడు కొట్టాయి.

జీవ్‌కో మీట మీదికి చెయ్యి చాపాడు. దారింకా ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆపకు. మొత్తం విను."

గోడ గడియారం ప్రకారం నాలుగు నిమిషాలు ఎప్పుడో దాటాయి. టేపు చక్రం తిరుగుతూనే ఉంది. టేపు వదులుతున్న ఎడంవైపు చుట్ట మాత్రం ఒక్క వెంట్రుక మందం కూడా తరగలేదు.