తగ్గని బరువు

ఉదయం తొమ్మిదింటికి పరిశోధనశాల లిఫ్టులో ఫిట్టర్ శవం దొరికింది. బిగించిన పిడికిట్లో ఒక చీటీ ఉంది. దాని మీద ఒకే మాట: "తూచండి."

"పదకొండింటికి కొత్త రోబో చెయ్యి ప్రదర్శన," ఫోన్లో ఏజెంటుతో చీఫ్ గొంతు తగ్గించి అన్నాడు. "రిమోట్ నొక్కేది మీ అక్క. చుట్టూ నలభై మంది సైంటిస్టులు. విదేశీ ముఠా ఏదో పెట్టిందని అనుమానం. మిణుగురు మాత్రం అంతా క్లియర్ అంటోంది."

మిణుగురు అంటే, ఆ ముఠాలో ఉంటూ రెండేళ్ళుగా మనవాళ్ళకు కబుర్లు మోస్తున్న అందగత్తె. ఏజెంటుది బేరింగుల సేల్స్‌మన్ వేషం. అదే నిజమనుకున్న అక్క, అయిదేళ్ళలో ఒక్క బేరింగూ అమ్మలేదని దెప్పిపొడుస్తూ ఉంటుంది. నా అన్నవాళ్ళు అతనికి ఆమె ఒక్కతే.

పదిన్నరకు హాల్లో అక్క అతన్ని పట్టుకుంది.

"చూడరా! పాత బేరింగ్ అరకిలో. ఇది గాజంత సన్నం, నలభై గ్రాములు. మోచేతి కీలులో గుప్పెడు చోటు మిగిలింది."

"కీలు మొత్తం బరువెంతక్కా?"

"ఒకటిన్నర కిలోపైన. పాతది సరిగ్గా రెండు."

గుప్పెడు చోటు! అతనికి ఫిట్టర్ చీటీ గుర్తొచ్చింది.

రోబో చెయ్యి ఉన్న తెర వెనక్కి దూరి, కీలు ఊడదీసి, బ్రీఫ్‌కేసు పిడిలో దాచిన తూకం కొక్కేనికి తగిలించాడు. ముల్లు రెండు కిలోల దగ్గర ఆగింది. ఎవరో పాత డ్రాయింగు చూసి తూకం సరిపెట్టారు. ముఠాకు ఎరగా వెయ్యమని ఆఫీసు ఆ పాత డ్రాయింగు ఇచ్చింది ఒక్కరికే.

"తెలివైనవాడివే," వెనక నుంచి మిణుగురు. చేతిలో సైలెన్సర్ పిస్తోలు. "కింద పెట్టు."

తెర అవతల జనం లెక్క మొదలుపెట్టారు. పది... తొమ్మిది...

"నువ్వే పట్టుకో," అంటూ కీలు ఆమె మీదికి విసిరాడు.

లోపల ఏముందో ఆమెకు బాగా తెలుసు. పిస్తోలు వదిలేసి, రెండు చేతులతో పదిలంగా పట్టుకుంది. ఆ చేతులకే సంకెళ్ళు వేసి, కీలు మూత తిప్పాడు. సన్నటి బేరింగ్ జారి అరచేతిలో పడింది. దాని వెనక మైనంలాంటి పేలుడు ముద్ద, చిన్న బ్యాటరీ.

మూడు... రెండు...

బ్యాటరీ పీకేశాడు. అవతల రిమోట్ టిక్కుమంది. ఏమీ కాలేదు.

అక్క విసురుగా తెర తీసింది. సంకెళ్ళనూ, పిస్తోలునూ, తమ్ముణ్ణీ మార్చి మార్చి చూసింది.

"అయితే... నువ్వు బేరింగులు అమ్మవన్నమాట."

"ఒక్కటీ అమ్మలేదక్కా," అరచెయ్యి చాచాడు. "ఇదిగో, ఒకటి రిటర్న్ తీసుకున్నాను."