వత్తానన్న కడలికాపు

పొద్దు బారెడెక్కే వేళకి ఆకాశం మాట్లాడడం మొదలుపెట్టింది. ఎర్రదిబ్బల అవతలి రేవులో అది మామూలే కనుక, ఇసుక మీద నెత్తళ్ళు ఎండబోస్తున్న ఆడవాళ్ళెవరూ తల ఎత్తలేదు. వాళ్ళు పెట్టుకున్న చెవిపూసల్లోకి మబ్బుల పైనుంచి తొమ్మిదో కాపు గొంతు చల్లగా దిగింది.

"అప్పాయమ్మత్తా, మావ తెప్ప ఎనక్కి తిరిగింది. కవ్వళ్ళ సేపలు బాగానే పడ్డాయి. గంపలు సూసుకో."

"నా మొగుడి సంగతి నాకంటే నీకే ముందు తెలుస్తాది గదరా!" అని నవ్వుతూ అప్పాయమ్మ లేచింది. పక్కన కూర్చున్న పోలమ్మ వైపు చూసి గొంతు తగ్గించింది. "నువ్వూ రాయే వదినా. ఎన్నాళ్ళిలా మబ్బులు లెక్కెడతావు?"

పోలమ్మ కదల్లేదు. ఏడు నెలలుగా ఆమె చెవిలో పరాయి బిడ్డల మాటలే పడుతున్నాయి. ఆమె బిడ్డ పదకొండో కాపు. దాన్ని సర్కారు అమ్మేసింది.

కడలికాపు అంటే మనిషి ఎక్కని విమానం. ఉల్లిపొరంత పలుచని రెక్కలతో, ఎండ తాగి ఎగురుతుంది. నెలల తరబడి నేలకు దిగదు. చేపలు దోచుకునే దొంగ ఓడలను, దారి తప్పిన తెప్పలను, ఎక్కడో పుడుతున్న తుపానును పైనుంచే కనిపెట్టి, చెవిపూస ఉన్న ప్రతి మనిషికీ చెబుతుంది. అవి వచ్చాక ఆ తీరంలో సముద్రానికి పోయి రాని మనిషి లేడు.

మొదట్లో వచ్చినవి ఆఫీసు తెలుగు మాట్లాడేవి. "దయచేసి ఈశాన్య దిశగా పన్నెండు డిగ్రీలు మరలగలరు" అనేవట. ఆ మాట తెలిసే లోపలే తెప్ప తిరగబడేది. "పైన పంతులుగారెవరో మంత్రం సదువుతున్నాడు, దండం ఎట్టండ్రా" అని ముసలి కొర్లయ్య నడిసముద్రంలో చేతులు జోడించాడని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. అప్పుడు సర్కారుకు బుద్ధి వచ్చింది. రేవులో ఆడవాళ్ళను ఎంచి, ఒక్కొక్క కాపుకు ఒక్కొక్కరి చేత మాట నేర్పించింది. వాళ్ళకు మాటతల్లులని పేరు.

పోలమ్మకు అక్షరం రాదు. అయితేనేం, చిన్నప్పుడు విన్న ఏ ముక్కా ఆమె మరిచిపోలేదు. రెండేళ్ళు ఆకాశం కేసి చూస్తూ కూర్చుని నీటి రంగులకున్న పేర్లూ, గాలి వాసనలూ, తాతలనాటి తిట్లూ దీవెనలూ అన్నీ చెప్పింది. ఆఖరిపాఠంగా చెప్పింది మాత్రం ఒక్కటే.

"ఎల్లేటప్పుడు పోతాననకూడదు నాన్నా. వత్తానమ్మా అనాల. నువ్వనీసి ఊరుకుంటే సాలదు. ఇంట్లోవోళ్ళు ఎల్లి రా అనాల. అప్పుడే మాట ముడిపడతాది. ముడిపడిన మాట తప్పకూడదు. ఆళ్ళు సెలవియ్యకుండా గడప దాటకూడదు."

"దాటను అమ్మా," అంది పదకొండో కాపు. పోలమ్మ దాన్ని సిన్నోడా అని పిలిచేది.

ఆ పాఠం ఆమె ఎందుకంత గట్టిగా చెప్పిందో అప్పాయమ్మ ఈడువాళ్ళకు తెలుసు. నలభై ఒక్కేళ్ళ కిందట, ఇంకా కాపులు లేని రోజుల్లో, పోలమ్మ పెనిమిటి ఎల్లాజీ ఆమె పెళ్ళిచీర కొంగు చింపి తెరచాపకు అతుకేశాడు. ఆమె అగ్గి మీద గుగ్గిలమైంది. "పోతన్నాను" అన్నాడతను, విసురుగా. "పో" అంది ఆమె, తల తిప్పకుండా. తర్వాత తల తిప్పి చూసింది. అప్పటికి పసుపుపచ్చ కొంగు అతుకు సముద్రం మీద దీపమంత అయిపోయింది. అంతే. మళ్ళీ కనిపించలేదు.

అప్పటినుంచి పోలమ్మ నోట ఆ మాట రాలేదు. కాకిని కూడా పో అనేది కాదు. "అటెల్లి రా తల్లీ" అనేది.

సరే, సర్కారు అమ్మకం సంగతి. తూర్పున, కాపు ఎగిరితే తొమ్మిది గంటల ప్రయాణంలో నారికేళ దీవులని చిన్న దేశం ఉంది. మనకు చిరకాలపు స్నేహితులు. వాళ్ళ నీళ్ళు విశాలం, మనుషులు తక్కువ. దొంగ ఓడలు వచ్చి చేపలను ఊడ్చుకుపోతుంటే, కొట్టుకుపోయిన పడవలను వెతికే దిక్కులేక, ఆరు కడలికాపులు కావాలని అడిగారు. మనవాళ్ళు ఇస్తామన్నారు. విశాఖ విమానాల రేవులో షామియానా వేసి, రెండు దేశాల పెద్దలు సంతకాలు చేశారు. మాటతల్లులకు శాలువాలు కప్పారు. కాపులకు బంతిపూల దండలు వేస్తే, రెక్క వంగుతుందని వెంటనే తీసేశారు.

"ఎవరికి అమ్మినా నాకేటిగానీ, ఆళ్ళకి తెలుగొచ్చా?" అని అడిగింది పోలమ్మ.

కాపుల విభాగం అధికారిణి కుముదిని నవ్వింది. "రాదమ్మా. అందుకే మాట కడిగి, వాళ్ళ భాష పోస్తాం. బయలుదేరే ముందు మీ అబ్బాయికి ఏమైనా చెబుతారా?"

పోలమ్మ ఇంకా నోరు తెరవలేదు. రెక్కల మీద ఎండ తళుక్కుమంది.

"వత్తానమ్మా," అంది పదకొండో కాపు.

"ఎల్లి రా నాన్నా," అంది ఆమె. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇదంతా ఏడు నెలల కిందటి ముచ్చట. ఇవాళ పుష్యమాసపు మంచు నీటి మీద ఇంకా పూర్తిగా విడలేదు. ఏది సముద్రమో ఏది ఆకాశమో తెలియని ఆ తెల్లదనంలోంచి, పోలమ్మ చెవిపూసలోకి సన్నగా ఒక గొంతు జారింది.

"వత్తానమ్మా."

ఆమె చేతిలోని చేట ఇసుక మీద పడింది.

"వత్తానమ్మా. వత్తానమ్మా."

మంచు పైపొరలో వెండి గీత ఒకటి మెరిసి, రేవు మీద గుండ్రంగా తిరగసాగింది. "వచ్చీసినావా సిన్నోడా!" అని పోలమ్మ పిచ్చిదానిలా నీళ్ళలోకి మోకాళ్ళదాకా వెళ్ళింది. మళ్ళీ ఒడ్డుకు పరుగెత్తి, గుప్పెడు ఉప్పూ మూడు మిరపకాయలూ తెచ్చి ఆకాశానికి దిష్టి తీసింది. "ఓలమ్మా, నా బిడ్డ సముద్రం దాటొచ్చాడే! అన్నం తినడు గానీ, తింటే ఇవాళ వంజరం పులుసెట్టీదాన్ని!" ఆడవాళ్ళంతా నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ పైకి చూశారు. కాపు తిరుగుతూనే ఉంది. దాని నీడ చేపలు ఎండబోసిన ఇసుక మీద మెల్లగా, నీళ్ళ మీద మెల్లగా, పోలమ్మ మీద మరీ మెల్లగా నడిచింది.

ఆ వెనకే కుముదిని బండి దిబ్బ దిగింది. చెప్పులు బండిలోనే వదిలేసి పరుగెత్తుకుంటూ వచ్చిందా పిల్ల.

"పోలమ్మగారూ, దాన్ని మీరే పంపాలి. మా ఆజ్ఞ ఏదీ వినడం లేదు."

"నాను రమ్మన్నాను, వచ్చాడు. తప్పేటి?"

"తప్పు మాదేనమ్మా. మాట కడిగినప్పుడు మా పిల్లలు 'వత్తాను' అన్న ముక్కను చూసి, మీట ఒత్తాను అని చెబుతోంది కాబోలు, పనికొస్తుందిలే అని వదిలేశారు."

"మీట ఒత్తడమేటి తల్లీ!" పోలమ్మ పగలబడి నవ్వింది. "అంత సదివినోళ్ళు, వత్తానంటే ఏటో తెలీదా?"

కుముదిని నవ్వకుండా జరిగింది చెప్పింది. దీవుల చుట్టూ నీటిని ఒకసారి పూర్తిగా చూడడం పదకొండో కాపుకు మొదటి పని. అది నిన్న ముగిసింది. మిగిలిన పని ఒక్కటే, ముడిపడిన మాట. రెక్క తిప్పి నేరుగా ఇంటికి వచ్చేసింది. అది వదిలేసిన పడమటి నీళ్ళలో ఒక పడవ ఇంజను చచ్చి కొట్టుకుపోతోంది. పదకొండుమంది ఉన్నారు. వాళ్ళ దగ్గర తాగే నీళ్ళు రెండు రోజులకే ఉన్నాయి. తక్కిన ఐదు కాపులూ దీవులకు అవతలివైపు ఉన్నాయి. ఆ పడమటి నీళ్ళ నడక తెలిసింది దీనికొక్కదానికే.

"దింపి మళ్ళీ కడగాలంటే నాలుగు రోజులు పడుతుంది," అంది కుముదిని.

"అయితే ఎల్లి రా అంటాను. ఎతికీసి వత్తాడు."

"వస్తుందమ్మా. అదే భయం. పడవ దొరకగానే మళ్ళీ ఇటే తిరుగుతుంది. అలా వచ్చిన ప్రతిసారీ అక్కడి నీళ్ళ మీద కన్ను ఉండదు. ఇవాళ్టివాళ్ళు బతికినా, రేపటివాళ్ళు?" కుముదిని ఆగి, చాలా నెమ్మదిగా అంది. "రా అనకుండా పంపాలి."

పోలమ్మ ముఖంలో నవ్వు ఆరిపోయింది. "నాను ఆ మాటనను."

"అమ్మా..."

"నీకు తెలీదు తల్లీ. ఒక్కపాలి అన్నాను. ఆ ఒక్కపాలికే..." ఆమె సముద్రం వైపు చెయ్యి చూపించింది.

కాపు నీడ ఇంకోసారి తిరిగి వచ్చింది. అప్పాయమ్మ దగ్గరికొచ్చి, పోలమ్మ తడి కుచ్చిళ్ళు పిండుతూ అడిగింది.

"వదినా, ఆ పదకొండుమందికీ పెళ్ళాలుంటారు కాదేటి?"

"ఉంటారు."

"ఆళ్ళల్లో ఎవరు తగువాడి పంపిందో ఏటో."

పోలమ్మ చాలాసేపు పైకి చూసింది. మంచు కరిగి నీలం బయటపడుతోంది.

"నా మాట ఆడికి అర్థమవుతాదా?"

"నోరు కడిగాం గాని చెవి కడగలేదు. మనవాళ్ళ తెప్పలు అటు కొట్టుకుపోతే వినాలి కదా అని తెలుగు వినికిడి ఉంచాం. తెలుగులో పలకడానికి మాత్రం ఆ ఒక్క ముక్కే మిగిలింది."

"సిన్నోడా," అని పిలిచింది పోలమ్మ. "నువ్వు మాట నిలబెట్టుకున్నావు. నా కళ్ళు సల్లబడ్డాయి. ఇది నీ పుట్టిల్లు, నీ ఇల్లు కాదు. నీ ఇల్లు ఆ దీవుల కాడుంది. అక్కడ నీ కోసం సూత్తన్నారు. ఇంటికి..."

నలభై ఒక్కేళ్ళుగా పళ్ళ వెనక దాచిపెట్టిన మాట.

"ఇంటికి పో నాన్నా."

వెండిగీత తిరగడం ఆపింది. రెక్కలు తూర్పుకు మళ్ళాయి. వెళ్ళేముందు, దానికి మిగిలిన ఆ ఒక్క మాటే అంది.

"వత్తానమ్మా."

రా అనే మాట పోలమ్మ గొంతు దాకా వచ్చింది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. కాపు ఒక క్షణం ఎదురు చూసింది. ఆ క్షణం ఎంత పెద్దదో అక్కడున్న ఆడవాళ్ళకే తెలుసు. జవాబు రాలేదు. మాట ముడిపడలేదు. వెండిగీత సన్నబడి, సన్నబడి, సముద్రం మీద దీపమంతై, కనిపించకుండా పోయింది.

ఆ రోజు పోలమ్మ అన్నం ముట్టలేదు. మర్నాడు చేపలు ఎండబోయడానికి వచ్చింది గాని పైకి చూడలేదు. మధ్యాహ్నం కుముదిని మళ్ళీ వచ్చి, పక్కన ఇసుకలో కూలబడి, ఆమె చెవిపూసను మెల్లగా సవరించింది. "దీవుల నుంచి ఒకావిడ మాట్లాడతానంటోంది. పూసే మన భాషలోకి మార్చి చెబుతుంది."

చెవిలో ఎవరో ఏడుస్తూ నవ్వుతున్నారు. వెనక ఏవో కోళ్ళ కేకలు, గిన్నెల చప్పుడు, ఒక మగగొంతు దగ్గు. అర్థం కాని భాషలో రెండు ముక్కలు. వెంటనే పూస వాటిని తెలుగు చేసింది.

"వచ్చాడు. మా ఆయన వచ్చాడు."

పోలమ్మ చేట దించి కూర్చుంది. అలలు వచ్చి పాదాల దగ్గర ఆగుతున్నాయి.

"తగువాడి పంపావేటే?" అని అడిగింది. పూస అటు చెప్పింది. అవతల ఏడుపు ఎక్కువైంది.

"సర్లే, సర్లే. ముందు అన్నం ఎట్టు." పోలమ్మ కుముదిని వైపు తిరిగింది. "తల్లీ, ఆ మాట ఇంకోపాలి సెప్పించవా?"

"ఏ మాటమ్మా?"

"అదే. ఇందాకటిది."

కుముదిని పూస మీద వేలు ఒత్తింది.

"వచ్చాడు," అంది పూస.