క్వారీ మిట్ట మీంచి వచ్చిన ఫోను

వడమాలపేట నుంచి కొండల్లోకి పోయే మట్టిదారిలో తుమ్మలకండ్రిగ అని ఒక ఊరుంది. ఊరికి మైలు దూరంలో పాడుబడ్డ కంకర క్వారీ, దాని అంచున ఒక గుట్ట. దాన్ని క్వారీ మిట్ట అంటారు. పొద్దుగూకాక అటువైపు కుక్క కూడా పోదని చెప్తారు... చెప్పేవాళ్ళంతా ఇంట్లో తలుపేసుకుని చెప్పేవాళ్ళే అనుకోండి.

ఎప్పుడో క్వారీ నడిచే రోజుల్లో ఒక సాయంత్రం, కూలీలంతా దిగిపోయాక, ఒక ఆడమనిషి అక్కడ బండ కింద చిక్కుకుపోయిందట. ఆ రాత్రంతా ఊళ్ళోవాళ్ళను పేరుపేరునా పిలుస్తూనే ఉంది. అందరూ విన్నారు. ఇంత రాత్రప్పుడు మిట్ట మీంచి పిలిచేది మనిషి కాదులే అని గడియలు బిగించుకున్నారు. తెల్లారి పోయి చూస్తే ఏముంది... అయిపోయింది. అప్పటినుంచీ ఆమె రాత్రిళ్ళు పిలుస్తూనే ఉందంటారు. పిలవదూ మరి?

ఇక సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలో ఆ ఊరికి సిగ్నల్ ఒక్క చోటే దొరికేది. ఎక్కడో చెప్పాలా? ఆ మిట్ట మీదే.

పగలంతా అక్కడ తిరునాళ్ళే. ఫోను చెవికి పెట్టుకుంటే చెవుడొస్తుందని ఒకరు, జేబులో పెట్టుకుంటే గుండె బలం పోతుందని ఇంకొకరు, ఆ తరంగాలకే మామిడి పూత రాలిపోతోందని మరొకరు... ఇన్ని చెప్పి, మళ్ళీ నగరిలో ఉన్న కూతురితో మాట్లాడటానికి మిట్టెక్కేది కూడా వాళ్ళే. అదే ఊళ్ళో మునికృష్ణ అని ఒకతనున్నాడు. అతని తల్లి తాయమ్మ మాత్రం ఎక్కేది కాదు.

"తీగ లేకుండా మాట పోతా ఉండాదంటే ఎవురో ఒకరు మోస్తా ఉండాల గదా. మోసేది ఎవురో ఒక్కరన్నా అడిగినారా?" అనేది.

ఈలోగా వడమాలపేటలో ఒకాయనకు రాత్రి పది దాటాక తుమ్మలకండ్రిగ నంబరు నుంచి ఫోనొచ్చింది. ఎత్తితే గాలి హోరు తప్ప మాట లేదు. మూడో రోజుకు ఆయన పాడి ఆవు చచ్చిపోయింది. అంతే... ఆ ఊరి నంబరు రాత్రిపూట మోగితే ఎత్తకూడదని చుట్టుపక్కల కట్టుబాటైపోయింది. ఆ ఊరి నుంచి ఫోను రావాలంటే మిట్ట మీంచే రావాలి. రాత్రిపూట మిట్ట మీద మనిషన్నవాడు ఉండడు. మరి చేసేదెవరు? ఈ లెక్కకు ఎదురు చెప్పినవాడు లేడు.

మునికృష్ణ కూడా ఆ లెక్క ఒప్పుకున్నవాడే. రెండువేల నాలుగులో, మాసి నెలలో, చలి ఇంకా తగ్గని రోజుల్లో, ఆ రాత్రి వచ్చేదాకా.

ఆ రాత్రి అతని భార్య పంకజాక్షి కడుపులో పోటు అంటూ లేచింది. కండ్లు తెరవమంటే రెప్పలు పైకి లేవడం లేదు. నిద్రమత్తు అనుకున్నాడు. కాసేపటికి నాలుక ముద్దకట్టింది. చాప ఎత్తి దులిపితే... కట్లపాము.

ఆమె అన్న శ్రీనివాసులుకు వడమాలపేటలో జీపుంది. అది వస్తే తిరుపతి పెద్దాసుపత్రికి పోవచ్చు. రాకపోతే లేదు. ఊళ్ళో ట్రాక్టరు చక్రాలూడదీసి ఉంది. ఉన్న ఒక్క మోపెడ్డు పెళ్ళికని నగరికి పోయింది. ఎద్దులబండి కడితే రోడ్డెక్కేసరికే తెల్లారుతుంది.

"మిట్ట దాకా ఎవురన్నా తోడు రండప్పా" అన్నాడు మునికృష్ణ. గుమిగూడినవాళ్ళందరికీ ఒక్కసారే కాళ్ళ నొప్పులొచ్చాయి.

తాయమ్మ గూట్లో ఫోను తీసి కొడుకు చేతిలో పెట్టింది. అంతకుముందెప్పుడూ దాన్ని ముట్టుకున్న మనిషి కాదు.

"పో నాయనా. నేను దీని ఊపిరి సూస్తా ఉంటా. బిన్నా పో, ఆలస్యం సేయద్దు."

పోయాడు. మునికృష్ణ పిరికివాడు, ఆ మాట దాచేదేం లేదు. పొద్దుగూకాక గడప దాటేవాడు కాదు. అలాంటివాడు ముళ్ళనకా రాళ్ళనకా ఎగబాకి మిట్ట మీద నిలబడ్డాడు. కింద క్వారీ గుంత నల్లగా నోరు తెరుచుకుని ఉంది. గాలి... ఒకటే గాలి.

మొదటిసారి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది.

రెండోసారి... అంతే.

మూడోసారి అవతల నొక్కేశారు. అంటే మెలకువగానే ఉన్నారు. ఉండి కూడా ఎత్తడం లేదు. ఆ సంగతి అర్థమయ్యేసరికి మునికృష్ణకు దెయ్యం భయం పోయి వేరే భయం పట్టుకుంది. దీనికంటే దెయ్యమే నయం.

రాత్రిపూట ఎవరు పిలిచినా మూడుసార్లయ్యేదాకా పలక్కూడదని పెద్దలంటారు. నాలుగోసారి పిలిచిందంటే అది మనిషేనట. ఆ నమ్మకం ఏ మూలో పనిచేసినట్టుంది, నాలుగోసారికి ఎత్తారు. కానీ మాట లేదు. ఎవరో ఊపిరి బిగబట్టుకున్న చప్పుడు.

"బావా... నేను, మునికృష్ణను. పంకజను పాము కరిసింది. జీపు ఎత్తుకొని రా బావా."

గుసగుసగా వచ్చింది శ్రీనివాసులు గొంతు. "యాడ నుంచి మాట్లాడతా ఉండావు?"

"మిట్ట మీంచి. ఇంగ యాడ నుంచి మాట్లాడేది?"

"మునికృష్ణ రాత్రిపూట మిట్టెక్కడు. వాని సంగతి నాకు తెలుసు."

"ఎక్కినా బావా. నీ చెల్లెలు పోతా ఉండాది, ఎక్కకుండా యాడికి పోను?"

వెనకనుంచి అత్త శకుంతలమ్మ గొంతు సన్నగా వినిపించింది. "మాట కలపద్దురా... ఇంటి గుట్టంతా దానికి తెలుస్తాది. పెట్టేయ్."

"అత్తా, నీ కూతురత్తా" అన్నాడు మునికృష్ణ. "పెండ్లిలో నువ్వు నాకు పెట్టిన ఉంగరం వదులైతే దారం సుట్టి ఇచ్చినావే... అది నాకు గాక ఎవురికి తెలుసు?"

ఆ మాటే కొంప ముంచింది. అవతల గుక్క పట్టినట్టు ఒక కేక వినిపించి ఫోను ఆగిపోయింది. ఎవరికీ తెలియని సంగతి చెప్పేది దెయ్యం గాక ఇంకెవరు?

బతికున్న మనిషి తను బతికున్నానని ఎట్లా చెప్పుకోవాలి? ఏ గుర్తు చెప్పినా దెయ్యానికీ తెలిసే ఉంటుంది. ఏడిస్తే దెయ్యమూ ఏడుస్తుంది. ఒట్టు పెడితే దెయ్యమూ పెడుతుంది. కింద ఊళ్ళో తన ఇంటి ముందు లాంతర్లు కనిపిస్తున్నాయి. అక్కడ పంకజాక్షికి ఊపిరి ఉందో లేదో. ఆనాడు బండ కింద పడి రాత్రంతా పిలిచిన మనిషి ఎంత అల్లాడిపోయి ఉంటుందో అతనికి అప్పుడు తెలిసొచ్చింది.

"తల్లీ, నువ్వు ఈడనే ఉంటే నన్ను ఏమన్నా సేసుకో" అన్నాడు చీకట్లోకి. "దాన్ని మాత్రం ఇడిసిపెట్టు."

ఐదోసారి నొక్కాడు. బ్యాటరీ చివరి గీత మినుకుమినుకుమంటోంది. మోగింది... ఎత్తారు.

 గొంతులోంచి ఏడుపు తప్ప ఇంకేమీ రాలేదు. "బా..." అనేలోపే ఫోను కుయ్యిమని మూలిగి ఆరిపోయింది. వెలుగు లేదు, చప్పుడు లేదు. మీట నొక్కాడు, అరచేతికేసి కొట్టాడు, చంకలో పెట్టి వేడిచేశాడు. రాయిని నొక్కినా ఒకటే, దాన్ని నొక్కినా ఒకటే.

ఇక పిలవడానికి ఏమీ లేదు. ఆ గుట్ట ఎలా దిగాడో అతనికే తెలియదు. మోకాళ్ళు చీరుకుపోయి ఇల్లు చేరేసరికి తాయమ్మ కోడలి తల ఒళ్ళో పెట్టుకుని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది. ఊపిరి ఉందంటే ఉంది.

"రారమ్మా" అన్నాడు. "ఎవురూ రారు."

మంచం మీదనే మోసుకుపోదామని, దండెం తాళ్ళు కోసి మంచానికి కడుతున్నారు. అంతలో... మట్టిదారి మలుపులో రెండు దీపాలు. జీపు గుంతల్లో ఎగిరెగిరి పడుతూ వచ్చి ఇంటి ముందు ఆగింది. శ్రీనివాసులు చొక్కా కూడా వేసుకోలేదు.

"నమ్మినావా బావా" అన్నాడు మునికృష్ణ, అతని చేతులు పట్టుకుని.

"నిన్ను యాడ నమ్మినా. పంకజ మాట్లాడింది గదా, అందుకే వచ్చినా." శ్రీనివాసులు మంచం వైపు పోతూ అన్నాడు. "అయినా ఆ సలిలో దాన్ని మిట్టెందుకు ఎక్కించినావు?"

 తాయమ్మ తలెత్తి చూసింది. "నా ఒడి దిగలేదప్పా ఇది. రెండు గంటలాయె, మాట పడిపోయి" అంది.

అడిగే టైము కాదది. ఎత్తి జీపులో వేసుకుని బయల్దేరారు. దారి పొడుగునా మునికృష్ణకు ఒకటే ఆలోచన... ఆరిపోయిన ఫోనులో పంకజ గొంతుతో పిలిచింది ఎవరు? ఆ క్వారీ మనిషేనా? ఆమే అయితే ఊరికే పిలిచి ఉంటుందా, బదులుకు ఏదన్నా తీసుకోదా?

పెద్దాసుపత్రిలో నోట్లో గొట్టం పెట్టి మూడు రోజులు ఊపిరి ఆడించారు. నాలుగో రోజు రెప్పలు లేచాయి. గొట్టం తీశారు. ఆమె నోరు తెరుస్తుంటే మునికృష్ణ మంచం కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. ఆ నోట్లోంచి ఎవరి గొంతు వస్తుందోనని అతని భయం.

పంకజాక్షి గొంతే. బొంగురుపోయింది, అంతే. మొగుడి వైపు చూడలేదు. పక్కన కూర్చున్న అన్న వైపు చూసింది.

"ఆయనకు ఏడ్సేదానికే సరిపాయె. నేను గట్టిగా పిలిస్తి... అన్నా, రా అన్నా అని. ఎవురని అడిగినావే నువ్వు? రెండోసారి పిలిసినా ఎవురనే అడిగినావే. సొంత చెల్లెలి గొంతు అంత తెలీకుండా పోయినాదా అన్నా?"

శ్రీనివాసులు తల దించుకున్నాడు. తను ఫోనులో రెండుసార్లూ అలా అడిగిన సంగతి, సిగ్గేసి, అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదట.